దసరా సీజన్‌కు ఏజెన్సీ బండ్లెక్కిన డ్రైవర్లు: ఆపేదెలా, తిరిగి వస్తే ఏం చేయాలి?

బెజవాడ ఆరు బండ్లు | 18 సెప్టెంబరు 2025

సభ్యులకు నమస్కారం. విజయవాడ ఆటోనగర్ కేంద్రంగా నాకు ఆరు లారీలు ఉన్నాయి. జగ్గయ్యపేట, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి ఏలూరు, రాజమహేంద్రవరం, అప్పుడప్పుడు విశాఖపట్నం దాకా సరుకు చేరవేస్తాము. ఆరుగురు డ్రైవర్లు, నలుగురు క్లీనర్లు ఉన్నారు. డ్రైవరుకు నెల జీతం 18,000 రూపాయలు, బండి రోడ్డు మీద ఉన్న రోజుకు 500 రూపాయల బత్తా ఇస్తున్నాను.

మొన్న సోమవారం ఉదయం ఇద్దరు డ్రైవర్లు కలిసి వచ్చి తాళాలు బల్ల మీద పెట్టారు. మేడ్చల్ గోదాముల నుంచి పార్సిల్ కంటైనర్లు నడపడానికి ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ రోజుకు 1,400 రూపాయలు, భోజనం ఇస్తానన్నదట. పని దీపావళి దాకానేనని వాళ్లే చెప్పారు. వారిలో ఒకరు నా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉన్న మనిషి. రెండో అతను పిల్లవాడి కాలేజీ ఫీజుకని జూన్‌లో 40,000 అడ్వాన్సు తీసుకున్నాడు.

సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి ఈ నెల 22న తగ్గుతున్నదని డీలర్లు ఆర్డర్లు ఆపి కూర్చున్నారు. ఆ తేదీ దాటగానే లోడ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. సరిగ్గా ఆ సమయానికి రెండు బండ్లు షెడ్డులో నిలబడతాయి, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఐదో తేదీన ఆగదు. వాళ్లకు రావలసిన సగం నెల జీతం ఆపవచ్చా? అడ్వాన్సు ఎలా వసూలు చేయాలి? దీపావళి తరువాత తిరిగి వస్తే చేర్చుకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.


గుంటూరు మిర్చి రవాణా | 18 సెప్టెంబరు

అన్నగారూ, మెతకగా ఉంటే మిగిలిన నలుగురూ అదే దారి పడతారు. మా దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా ఇదే వరస. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) కొండల్లా పేరుకున్న రోజున, పక్క ట్రాన్స్‌పోర్టు వాడు ట్రిప్పుకు వెయ్యి ఎక్కువ ఇస్తానంటే చాలు, బండి దిగిపోతారు. అందుకే నేను చేరేటప్పుడే ఒరిజినల్ లైసెన్సు నా బీరువాలో పెట్టుకుంటాను, ఒక నెల జీతం ఎప్పుడూ నా చేతిలో ఉంచుకుంటాను, సీజన్ మధ్యలో మరొకరి బండి ఎక్కనని బాండు కాగితం మీద సంతకం తీసుకుంటాను. మీరు సగం నెల జీతం ఆపండి, అడ్వాన్సు మొత్తం తెచ్చి కట్టమనండి. మధ్యలో వదిలిపోయిన వాడిని మళ్లీ చేర్చుకుంటే, మీ దగ్గర నిలబడి పనిచేసిన నలుగురికీ అన్యాయం చేసినట్టే అవుతుంది.


ఖమ్మం కార్మిక చట్టాలు | 19 సెప్టెంబరు

గుంటూరు సభ్యులు ఎంత నష్టపోయి ఈ మాట అంటున్నారో నాకు అర్థమవుతున్నది. అయినా వారు చెప్పిన మూడు పద్ధతులూ రేపు యజమాని మెడకే చుట్టుకుంటాయి కనుక వివరంగా చెప్పక తప్పదు.

లైసెన్సు బండి నడిపే మనిషి దగ్గర ఉండవలసిన పత్రం. దానిని బీరువాలో పెట్టుకుని అతనిని రోడ్డెక్కించడమే తప్పు. పైగా ఫోనులో డిజిలాకర్ యాప్‌లో ఉన్న లైసెన్సు 2018 నుంచి చెల్లుతున్నది కాబట్టి అట్ట మీ దగ్గర ఉన్నా అతను ఆగడు. ఇక బాండు సంగతి. పని మానేసిన మనిషిని ఫలానా చోట పని చేయవద్దని కట్టడి చేసే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను కింద చెల్లదు. ముందస్తు నోటీసు ఇవ్వాలని మాత్రం రాసుకోవచ్చు.

చేసిన పనికి జీతం ఆపకూడదు. అడ్వాన్సు కింద జీతంలో కోత వేసుకోవచ్చు గానీ, మొత్తం కోతలు ఆ జీతంలో సగానికి మించరాదు. మిగిలిన బాకీకి కాగితం రాయించుకుని వాయిదాల మీద తీసుకోండి, ఇవ్వకపోతే సివిల్ కోర్టు ఉన్నది. బాకీ తీరేదాకా నా బండే నడపాలని పట్టుబట్టడం మాత్రం 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం దాకా పోయే విషయం.

మరొక మాట. ఐదుగురు గానీ అంతకు మించి గానీ పనివారు ఉన్న సంస్థలకు వర్తించేది కనుక మీకు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం వర్తిస్తుంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇవ్వాలి. పదిమంది ఉన్నారు కనుక ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) గురించి, గ్రాట్యుటీ గురించి కూడా చూసుకోవాలి. తొమ్మిదేళ్లు చేసిన ఆ డ్రైవరు నిజంగానే రాజీనామా చేసినట్టయితే అతనికి గ్రాట్యుటీ లెక్క కట్టవలసి వస్తుందన్న సంగతి మీకు ఇంతవరకూ ఎవరైనా చెప్పారా?


పదిహేనేళ్ల స్టీరింగు | 19 సెప్టెంబరు

నేను యజమానిని కాను, డ్రైవరును. ఈ చర్చలో మాట్లాడవచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను.

బెజవాడ ఓనరు గారు రాసిన దానిలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను: బండి రోడ్డు మీద ఉన్న రోజుకు బత్తా. మరి బండి రోడ్డు మీద లేని రోజున డ్రైవరు ఎక్కడ ఉన్నాడు? నేను ఆరేళ్లు సిమెంటు తోలాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర టోకెన్ తీసుకున్నాక ముందు వరుసలో అరవై డెబ్బై బండ్లు ఉంటాయి. అరగంటకోసారి బండిని నాలుగు గజాలు ముందుకు జరపాలి కనుక కన్ను మూయడానికి వీలుండదు. పగలంతా క్యాబిన్ రేకు కాలుతుంది, రాత్రి దోమలు. స్నానానికి ఇరవై రూపాయలు, టీకి పది, రెండు పూటల భోజనం. ఇలా రెండు రాత్రులు గడిచాక లోడు అవుతుంది. తీరా ట్రిప్పు షీటు చేతికిస్తే ఆ రెండు రోజుల గడిలో ఒక గీత ఉంటుంది. ఆ రెండు రోజుల తిండి నా జీతం లోంచే పోయిందన్న మాట. మళ్లీ డీలరు గోదాము దగ్గర హమాలీలు దొరకకపోతే ఇంకో రోజు, ఇంకో గీత.

ఏజెన్సీ బండి సుఖమని నేను అనను. రాత్రంతా నడపాలి, పక్కన రెండో డ్రైవరు ఎలాంటి వాడో తెలియదు. కానీ గేటు దగ్గర నిలబడినా రోజు రోజే. ఆ ఒక్క లెక్క కోసమే నిరుడు నేను కూడా వెళ్లాను. వెళ్లేటప్పుడు అప్పటి ఓనరు గారికి నలభై రోజుల్లో వస్తానని చెప్పాను. ఆయన పదకొండు రోజుల జీతం ఆపేశారు. ఇంట్లో అడిగితే సమాధానం చెప్పలేక నా భార్య చెవి కమ్మలు కుదువ పెట్టి ఆ నెల బియ్యం తెచ్చుకున్నాము. దీపావళి అయ్యాక ఆయనే ఫోను చేసి రమ్మన్నారు. నేను వెళ్లలేదు. ఈ రోజున సూర్యాపేటలో మరొకరి బండి నడుపుతున్నాను, జీతం కూడా అక్కడికంటే ఎక్కువేమీ కాదు.


బెజవాడ ఆరు బండ్లు | 20 సెప్టెంబరు

స్టీరింగు గారూ, మీరు రాసింది చదివాక నిన్న రాత్రి ఆగస్టు ట్రిప్పు షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. వెళ్లిపోయిన ఆ పాత డ్రైవరు ఆగస్టులో ఇంటికి వెళ్లినవి పోను 27 రోజులు బండితోనే ఉన్నాడు. వాటిలో నేను బత్తా ఇచ్చినవి 16. మిగిలిన పదకొండు రోజులకూ గీతలే ఉన్నాయి, అవి గీసింది నేనే. అతనికి ఆ నెల వచ్చింది 26,000. ఏజెన్సీ రోజుకు 1,400 చొప్పున 26 రోజులు ఇస్తే 36,400 అవుతుంది. ఉన్న తేడా 10,400. ఆ గీతలకు కూడా బత్తా ఇచ్చి ఉంటే సగానికి పైగా తేడా అక్కడే తీరిపోయేది.

నా వైపు కష్టం కూడా చెప్పుకోవాలి. బండి ఆగిన రోజుకు నాకు హాల్టింగ్ చార్జీ ఎవరూ ఇవ్వడం లేదు. టన్నుకు ఇంత అని కిరాయి, అంతే. ఆరు బండ్లకు నెలకు ముప్పై వేల పైన అదనంగా ఎక్కడి నుంచి తేవాలో తెలియడం లేదు.


మేడ్చల్ సూపర్‌వైజరు | 21 సెప్టెంబరు

నేను మూడు సీజన్ల పాటు ఒక ఏజెన్సీ తరఫున డ్రైవర్లను కుదిర్చాను కనుక అటువైపు సంగతి రాస్తాను.

రోజుకు 1,400 అన్నది నోటి మాట. బండి సమయానికి తదుపరి హబ్‌కు చేరకపోతే కోత, సీలు దగ్గర తేడా వస్తే కోత, మధ్యలో ఒక రోజు ఇంటికి పోతే ఆ వారం హాజరు అలవెన్సు పోతుంది. మేము కుదిర్చిన వారిలో చాలామందికి చేతికి వచ్చేటప్పటికి రోజుకు పదకొండు వందలు, పన్నెండు వందలు పడేవి. ఈఎస్ఐ, పీఎఫ్ మాట ఎత్తేవారు లేరు. ఆఖరి పదిహేను రోజుల డబ్బు మాత్రం ప్రతి సారీ ఆలస్యమయ్యేది, పెద్ద కాంట్రాక్టరు నుంచి బిల్లు రాలేదని మేమూ అదే సమాధానం చెప్పేవాళ్లము. దీపావళి వెళ్లిన నాలుగో రోజు నుంచి సగం బండ్లు ఆగిపోతాయి. ఆ వారంలో మేడ్చల్ చౌరస్తా దగ్గర టీ బడ్డీల ముందు సంచులతో కూర్చున్న డ్రైవర్లను నేను కళ్లారా చూశాను. వారిలో కొందరికి పాత ఓనరు దగ్గరికి వెళ్లే ముఖం ఉండేది కాదు.

కనుక బెజవాడ సభ్యులకు నా సలహా ఒకటే. వెళ్లేవారిని తిట్టి పంపకండి. ఎప్పుడు వస్తారో తేదీ అడిగి రాసుకోండి. ఆ తేదీ దాకా బండి వారిదేనని మాత్రం మాట ఇవ్వకండి, పని ఉంటుందని ఇవ్వండి. ఈ రెండు మాటలకూ ఎంత తేడా ఉన్నదో డ్రైవర్లకు బాగా తెలుసు.


కైకలూరు చేపల లోడు | 22 సెప్టెంబరు

మాది చేపల రవాణా, కైకలూరు, ఆకివీడు నుంచి హౌరా దాకా. ఐసు పెట్టెలు ఎక్కించాక గంట కూడా ఆగకూడదు కాబట్టి డ్రైవరు లేని రోజంటే సరుకు పోయిన రోజే. ఆ భయంతోనే మేము ఒక అలవాటు చేసుకున్నాము.

మన రెండు రాష్ట్రాల్లో డ్రైవరును లాగే సీజన్లు ఎప్పుడు వస్తాయో ముందే తెలుసు. జనవరి చివర మొదలై వేసవి దాకా గుంటూరు మిర్చి, ఏప్రిల్ నుంచి నూజివీడు మామిడి, అదే సమయంలో తెలంగాణలో యాసంగి ధాన్యం కొనుగోళ్లు, దసరాకు పార్సిళ్లు, అది అయిందో లేదో వానకాలం ధాన్యం. ఇవన్నీ తెలిసి కూడా ప్రతిసారీ తాళాలు బల్ల మీద పడ్డ రోజున ఉలిక్కిపడడం మన తప్పే. మా దగ్గర ఏడాది మొదట్లోనే ఎవరు ఏ నెలలో బయటికి వెళ్తారో అడుగుతాము. ఒకేసారి ఇద్దరు కాకుండా సర్దుతాము. వెళ్లిన వారికి జీతం ఉండదు, కానీ పేరు రిజిస్టరులోనే ఉంటుంది. తేదీకి వచ్చిన వారికి పాత బండే. రాకపోతే మాత్రం మొహమాటం లేకుండా కొత్తగా చేరినట్టే లెక్క. గుంటూరు సభ్యులు అడిగిన న్యాయం ప్రశ్నకు నా సమాధానం ఇదే: నిలబడ్డ నలుగురికీ ఆ అవకాశం వంతుల వారీగా ఉంటే అన్యాయం ఎక్కడిది?


తుని హైవే | 23 సెప్టెంబరు

ఖాళీ అయిన బండ్లకు తొందరపడి యాక్టింగ్ (తాత్కాలిక) డ్రైవర్లను ఎక్కించే ముందు నా అనుభవం వినండి. రెండేళ్ల క్రితం ఇదే సీజన్‌లో నా డ్రైవరు లోడుతో ఉన్న బండిని తుని దగ్గర పెట్రోలు బంకులో పెట్టి, తాళం బంకు కుర్రాడికి ఇచ్చి, వేరే బండెక్కి వెళ్లిపోయాడు. విషయం నాకు తెలిసేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. సరుకు వెంట ఉండవలసిన ఈ-వే బిల్లుకు గడువు రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన ఇస్తారు. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు గానీ, తీరిన ఎనిమిది గంటల లోపు గానీ పొడిగించుకోవాలి. నేను ఆ సమయం దాటిపోయాను. దారిలో అధికారులు ఆపి జరిమానా వేశారు, అది ఆ ట్రిప్పు కిరాయి కంటే ఎక్కువ.

ఆ కంగారులో ఎవరో చెప్పిన మనిషిని యాక్టింగ్‌కు పెట్టుకున్నాను. తరువాత చూస్తే అతనిది లైట్ మోటారు లైసెన్సు. నిరుడు నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందని కొందరు చెబుతారు గానీ, అది 7,500 కిలోల లోపు వాహనాలకు సంబంధించినది. మన పన్నెండు టైర్ల, పద్నాలుగు టైర్ల బండ్లకు హెవీ లైసెన్సు ఉండి తీరాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ పరిహారం భారాన్ని యజమాని మీదకే తోస్తుంది. లైసెన్సు నంబరును రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నేను పెట్టలేదు.


బర్మింగ్‌హామ్ తెలుగు | 24 సెప్టెంబరు

నేను ఇంగ్లండులో ఒక రవాణా సంస్థలో బండ్ల షెడ్యూలు చూస్తాను. ఇక్కడ క్రిస్మస్ ముందు సరిగ్గా ఇదే జరుగుతుంది. ఏజెన్సీ గంటకు చూపించే రేటులో చాలాసార్లు సెలవుల జీతం కూడా కలిసి ఉంటుంది. కాబట్టి డ్రైవరుతో కూర్చుని రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపిస్తాము. 2021లో డ్రైవర్ల కొరత తీవ్రమై ప్రభుత్వం 5,000 మందికి తాత్కాలిక వీసాలు ఇస్తామని ప్రకటించినప్పుడు కూడా, చేరినందుకు బోనస్ అని ఎర వేసిన డిపోల కంటే డ్యూటీ వేళలు ముందుగా చెప్పి, ఆదివారం ఇంటికి పంపిన డిపోల్లోనే మనుషులు నిలబడడం నేను చూశాను. మీ దగ్గర రూపాయలు వేరు, దూరాలు వేరు. కానీ లెక్క కాగితం మీద పెట్టి మాట్లాడడం అక్కడైనా పనికి వస్తుందనుకుంటాను.


గుంటూరు మిర్చి రవాణా | 25 సెప్టెంబరు

నేను మొదట రాసిన మాటల్లో కోపం ఎక్కువగా ఉన్నది. మూడేళ్ల క్రితం 60,000 అడ్వాన్సు తీసుకున్న మనిషి సీజన్ మొదటి వారంలోనే ఫోను ఆపేశాడు. ఆ డబ్బు ఈనాటికీ రాలేదు, అప్పటి నుంచి లైసెన్సులు దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఖమ్మం సభ్యులు చెప్పాక బీరువాలో ఉన్న ఐదు లైసెన్సులూ నిన్న ఎవరివి వారికి ఇచ్చేశాను. అడ్వాన్సు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఒక నెల జీతానికి మించి ఎవరికీ ఇవ్వను, ఇచ్చినది కాగితం మీదే ఇస్తాను.


ఖమ్మం కార్మిక చట్టాలు | 24 నవంబరు

ఈ చర్చను ఇంకా చదువుతున్నవారి కోసం ఒక చేర్పు. ఈ నెల 21 నుంచి కేంద్రం పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. నేను సెప్టెంబరులో చెప్పిన 1961 నాటి చట్టం, దానిలోని సెలవుల లెక్క అప్పటివే. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగి తానే రాజీనామా చేసినా అతనికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. సగం నెల జీతం ఆపవచ్చా అన్న ప్రశ్నకు ఇప్పుడు ఇంతకంటే స్పష్టమైన సమాధానం అక్కరలేదు.


బెజవాడ ఆరు బండ్లు | 6 డిసెంబరు

సలహా ఇచ్చిన వారందరికీ ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

సెప్టెంబరు 21న ఇద్దరినీ పిలిచాను. రావలసిన జీతం, బత్తా పూర్తిగా ఇచ్చాను. అడ్వాన్సు ఉన్న అతనితో నెలకు 4,000 చొప్పున పది వాయిదాలని కాగితం రాసుకున్నాను. ఏజెన్సీ రేటు, కోతలు, నా జీతం, ఆగిన రోజుల బత్తా పక్కపక్కన రాసి చూపించాను. అయినా ఇద్దరూ వెళ్లారు. అప్పటికే మాట ఇచ్చారట, దానిని నేను తప్పు పట్టలేదు. ఒక బండికి హెవీ లైసెన్సు చూసుకుని యాక్టింగ్ డ్రైవరును పెట్టాను. రెండోది ముప్పై మూడు రోజులు షెడ్డులోనే ఉన్నది, అక్టోబరు వాయిదా చేబదులు తెచ్చి కట్టాను. ఆయుధ పూజ రోజున ఆ బండికి గుమ్మడికాయ నేనే కొట్టాను. తొమ్మిదేళ్లలో అది మొదటిసారి. ఆ ఉదయం ఆ బండి నడిపిన పాత డ్రైవరు మేడ్చల్ నుంచి ఫోను చేసి, ముందు ఎడమ టైరు కింద నిమ్మకాయ పెట్టారా అని అడిగాడు.

అక్టోబరు 24న అతను తిరిగి వచ్చాడు. 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటుతున్నప్పుడు రాజమహేంద్రవరం లోడుతో హనుమాన్ జంక్షన్ దాటకముందే ఆగిపొమ్మని నేనే చెప్పాను. రెండు రోజులు అక్కడే ఉన్నాడు. సిమెంటు బస్తా ఒక్కటి తడవలేదు, టార్పాలిన్ పట్టా మీద రెండో పట్టా కట్టి కూర్చున్నాడు. ఆ రెండు రోజులకూ బత్తా ఇచ్చాను.

ఇప్పుడు ట్రిప్పు షీటులో ఆగిన రోజులకని విడిగా ఒక గడి పెట్టాను. దానిని డ్రైవరే నింపుతాడు. ఆగిన రోజుకు పూర్తి 500 ఇవ్వలేక 350 ఇస్తున్నాను, అది చాలదని నాకు తెలుసు. రెండో రోజు దాటితే హాల్టింగ్ ఇవ్వాలని ముగ్గురు పెద్ద డీలర్లను అడిగితే ఒక్కరే ఒప్పుకున్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిన రోజులకు ఇంకా ఎవరూ బాధ్యత తీసుకోవడం లేదు. ఈ విషయం మీద జిల్లాలోని లారీ యజమానులందరూ కలిసి అడగకపోతే ఒంటరిగా నేను చేయగలిగేది లేదు. ఈఎస్ఐ నమోదుకు కాగితాలు పెట్టాను. గ్రాట్యుటీ లెక్క కట్టి చూసుకున్నాను, ప్రతి నెలా కొంత పక్కన పెడుతున్నాను.

రెండో అతను రాలేదు. మేడ్చల్‌లోనే వేరే కంపెనీ బండిలో కుదిరాడు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు వాయిదాలు ఫోనులో వేశాడు, ఇంకా 28,000 ఉన్నది. అతని బండికి నందిగామ నుంచి కొత్త కుర్రవాడు చేరాడు.

మిర్చి సీజన్ గురించి ఇద్దరు డ్రైవర్లు ఇప్పుడే అడిగారు. ఒకరికి ఫిబ్రవరి, ఒకరికి ఏప్రిల్ రాసిచ్చాను. మార్చిలో ఆర్థిక సంవత్సరం చివరని సిమెంటు కంపెనీలు లోడ్లు తోసేస్తాయి కనుక ఆ నెలలో మాత్రం ఎవరినీ వదలలేనని చెప్పాను, వారు ఒప్పుకున్నారు.